తుఫాను కథలో రెండో కుర్రాడు

ప్రశ్న: మేడం గారూ, మాది బరంపురం. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా అబ్బాయి ఏడో తరగతి. ఈ ఏడాది వాళ్ళ క్లాసులోకి గోపాల్‌పూర్ దగ్గర మత్స్యకారుల పేట నుంచి ఒక అబ్బాయి చేరాడు. వాళ్ళూ తెలుగువాళ్ళే. అయినా మావాడు మొదట్నుంచీ దూరంగానే ఉన్నాడు. మిగతా పిల్లలతో కలిసి "నోలియా" (ఇక్కడ జాలర్లని అలా అంటారు) అని వెక్కిరించాడని టీచరు చెబితే నాకు తల కొట్టేసినట్టయింది. గట్టిగా మందలించాను. తర్వాత స్కూలు పత్రిక కోసం మావాడే ఒక కథ రాశాడు. పట్నం కుర్రాడు, జాలరి కుర్రాడు పడవలో వెళ్తుంటే తుఫాను వచ్చి పడవ తిరగబడుతుంది. జాలరి కుర్రాడు ఈదుకుంటూ రెండోవాణ్ణి ఒడ్డుకి చేర్చి, తాను అలల్లో కొట్టుకుపోతాడు. పట్నం కుర్రాడు ఏడ్చి ఏడ్చి, మనుషులంతా ఒక్కటేనని తెలుసుకుంటాడు. టీచర్లు మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఆ అబ్బాయికి చూపిస్తే మొత్తం చదివి, "నాకు ఈత రాదు" అని కాగితాలు తిరిగి ఇచ్చేశాడట. వాళ్ళ నాన్న కూడా వేటకి వెళ్ళడట, సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్ళాడట. ఆ రోజు నుంచి మావాడితో మాటల్లేవు. అంతకు ముందు ఒకసారి ప్రాజెక్టు పని మీద మా ఇంటికి కూడా వచ్చాడు. మా అత్తగారు మంచినీళ్ళు పేపరు గ్లాసులో ఇచ్చారు, ఆవిడ పాతకాలం మనిషి లెండి. మావాడు మంచే రాశాడు కదా, ఇందులో తప్పేముంది? ఇలాంటి సాహస కథలు ఇంకా చదివిస్తే మనసు మారుతుందా? ఏవి చదివించాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, బరంపురం

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి కథకి టీచర్లు ఇచ్చిన మెప్పుకోలు కన్నా ఆ అబ్బాయి అన్న మూడు మాటలే అసలైన సమీక్ష. వాడు కోప్పడలేదు, ఏడవలేదు. ఈ కథలో ఉన్నది నేను కాదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

మీవాడు వెక్కిరించినప్పుడు ఎదురుగా ఉన్న పిల్లవాణ్ణి చూడలేదు, వాడి పేటని చూశాడు. మెచ్చుకుంటూ కథ రాసినప్పుడూ అంతే. మొదటిసారి ఆ పేటకి ఒక వెక్కిరింత అంటించాడు, రెండోసారి ఈత అంటించాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళిన వాళ్ళు లక్షల్లో ఉంటారని మీకు నేను చెప్పక్కర్లేదు, మీ వీధిలోనే ఉండి ఉంటారు. నాన్న అంత దూరంలో ఉంటే ఇంట్లో ఎలా ఉంటుంది, దీపావళికి వస్తాడా, ఫోన్ ఎప్పుడు చేస్తాడు, ఇవేవీ అడగకుండానే మీవాడు ఆ పిల్లవాడి చేత సముద్రం ఈదించాడు. పైగా చంపేశాడు. తన క్లాసులో పక్క బెంచీలో కూర్చునేవాడు తనకి బుద్ధి రావడం కోసం చచ్చిపోతే ఆ కథ చదివి ఎవరైనా సంతోషిస్తారా?

మీవాడి మీద కోపంతో అనడం లేదు. పిల్లల కథలు చాలా ఏళ్ళుగా చదువుతున్నాను, ఈ అచ్చు నాకు బాగా తెలుసు. పైమెట్టు మీద ఒక పిల్లవాడు, కిందిమెట్టు మీద ఇంకొకడు, మధ్యలో వరదో తుఫానో అడవో. కిందివాడు కాపాడతాడు, పైవాడు మారతాడు. చదవగానే కళ్ళు చెమరుస్తాయి కాబట్టి బహుమతులు కూడా దీనికే వస్తాయి. కానీ ఈ అచ్చు లోపల ఒక షరతు ఉంది. కిందిమెట్టు పిల్లవాడికి మర్యాద దక్కాలంటే వాడు ఏదో ఒక ఘనకార్యం చేసి చూపించాలి. మరి ఈత రానివాడి సంగతేమిటి? ఎవర్నీ కాపాడకుండా రోజూ బడికొచ్చి లెక్కలు చేసుకుని వెళ్ళిపోయేవాణ్ణి వెక్కిరించవచ్చా?

పెద్ద రచయితలకి కూడా ఈ అచ్చు తప్పలేదు. థియోడర్ టేలర్ అనే అమెరికన్ రచయిత 1969లో 'ది కే' అనే నవల రాశాడు. మీ స్కూలు లైబ్రరీలో ఉన్నా ఉండొచ్చు. 1942, యుద్ధకాలం. కరేబియన్ సముద్రంలో జర్మన్ జలాంతర్గామి ఒక ఓడని ముంచేస్తుంది. పదకొండేళ్ళ తెల్లపిల్లవాడు ఫిలిప్, ముసలి నల్లజాతి నావికుడు తిమోతి, ఒక పిల్లి, ఈ ముగ్గురూ ఒక తెప్ప మీద మిగులుతారు. తలకి తగిలిన దెబ్బతో ఫిలిప్‌కి చూపు పోతుంది. నల్లవాళ్ళని దూరంగా ఉంచాలని తల్లి దగ్గర నేర్చుకున్న పిల్లవాడు ఇప్పుడు ఆ నల్లమనిషి చేయి పట్టుకునే నడవాలి. చిన్న దీవికి చేరాక తిమోతి గుడిసె కడతాడు, చూపులేని పిల్లవాడు పట్టుకుని నడవడానికి ఒడ్డు దాకా తాడు కడతాడు, చేపలు పట్టడం, చాప అల్లడం నేర్పుతాడు. చివరికి పెనుతుఫానులో పిల్లవాడికి తన ఒళ్ళు అడ్డుపెట్టి కాపాడి చనిపోతాడు.

టేలర్ ఆ పుస్తకాన్ని మార్టిన్ లూథర్ కింగ్ కలకి అంకితం చేశాడు, ఉద్దేశంలో లోపం లేదు. 1970లో దానికి జేన్ ఆడమ్స్ పేరు మీద ఇచ్చే పిల్లల పుస్తకాల బహుమతి వచ్చింది. తర్వాత విమర్శలు మొదలయ్యాయి. ముసలివాడు సేవ చేయడానికీ చావడానికీ తప్ప ఇంకెందుకున్నాడు, వాడికంటూ ఒక బతుకు లేదా అని అడిగారు. గొడవ పెద్దదై 1975లో రచయిత ఆ బహుమతిని తిప్పి పంపేశాడు. నాకు నచ్చింది ఆ తర్వాత జరిగిన సంగతి. 1993లో అదే రచయిత 'తిమోతి ఆఫ్ ద కే' అని ఇంకో పుస్తకం రాసి, ఆ ముసలివాడి చిన్నతనం, వాడి కోరికలు, సొంత ఓడ కోసం వాడు పడ్డ ఆరాటం చెప్పాడు. కథలో వదిలేసిన మనిషి దగ్గరికి రచయిత తిరిగి వెళ్ళడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. మీవాడికి అంత టైము అక్కర్లేదు, వచ్చే ఆదివారం చాలు.

ఆ మొదటి నవలలో మీరు మీ అబ్బాయికి వేలు పెట్టి చూపించాల్సిన చోటు ఒకటుంది. పైన విమానాలు పోతే కనపడేలా ఇసుకలో రాళ్ళతో సాయం అడిగే మాట పేర్చాలనుకుంటారు. తిమోతికి అక్షరాలు రావు. ఆ సంగతి ముసలివాడు పైకి చెప్పుకోలేడు. పిల్లవాడు గ్రహించి, చూపు లేకపోయినా ఇసుకలో అక్షరాలు గీసి ఇస్తాడు. ఒకరికి కళ్ళు లేవు, ఇంకొకరికి చదువు లేదు. ఇద్దరూ కలిస్తే ఒక్క మాట తయారైంది. తుఫాను కన్నా నాకు ఆ పేజీయే పెద్దగా అనిపిస్తుంది. పుస్తకం చదివించండి, పక్కన కూర్చుని చదివించండి. తిమోతి మాట్లాడే యాస పిల్లలకి కొంచెం కష్టం, అక్కడ మీరు సాయం పట్టండి.

మన దగ్గర ఇంతకన్నా పాత కథ ఉంది. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో పెట్టిన మిత్రలాభం. ఆ గ్రాంథికం ఇప్పటి పిల్లలకి మింగుడుపడదు, మీరే నోటితో చెప్పండి. పావురాలు వలలో పడటం, వలతో సహా ఎగిరిపోవడం, హిరణ్యకుడనే ఎలుక వల కొరకడం అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాతదే అసలు ఘట్టం, దాన్నే చాలామంది మర్చిపోతారు. ఇదంతా చూసిన లఘుపతనకుడనే కాకి ఎలుక కన్నం ముందు వాలి, నాతో స్నేహం చేయమంటుంది. ఎలుక బయటికి రాదు. నువ్వు తినేదానివి, నేను నీ తిండిని, మనకి స్నేహమేమిటంటుంది. ఆ అనుమానం తప్పా? కాకికి ముక్కుంది. ఎలుక భయానికి కారణం ఉంది. నమ్మకం కలిగించే బాధ్యత ముక్కున్న దాని మీద ఉంటుంది, కన్నంలో దాక్కున్న దాని మీద కాదు. కాకి కన్నం బయట నిలబడి చాలాసేపు బతిమాలుతుంది. మన పెద్దవాళ్ళు ఎప్పుడో గ్రహించిన ఈ సూక్ష్మం ఈ రోజుల్లో వచ్చే స్నేహం కథల్లో కనపడదు. ఇద్దరూ ద్వేషం వదిలేశారు అని రాసేస్తారు, ఇద్దరి దగ్గరా సమానంగా ద్వేషం ఉన్నట్టు.

చివర్లో వేటగాడు తాబేలుని కట్టి తీసుకుపోతుంటే లేడి చెరువు గట్టున చచ్చినట్టు పడుకుంటుంది, కాకి దాని మీద వాలి కళ్ళు పొడుస్తున్నట్టు నటిస్తుంది, వేటగాడు తాబేలుని కింద పెట్టి లేడి కోసం పరిగెత్తగానే ఎలుక తాళ్ళు కొరికేస్తుంది. తాబేలు నీళ్ళలోకి, లేడి అడవిలోకి. ఎవరూ చావరు. ఎవరి పని వాళ్ళకుంది. కాకి కళ్ళు పొడవకుండా ఉంటుందన్న నమ్మకం లేకపోతే లేడి అలా పడుకోగలదా? నాలుగు ప్రాణుల సాహస కథ ఇంత బిగువుగా ఇంకో భాషలో చెప్పారో లేదో గానీ నా ఓటు దీనికే.

గుహుడి కథ కూడా పిల్లలకి తెలుసు. రాముడు కౌగిలించుకున్నాడు, స్నేహితుడన్నాడు, బాగుంది. గుహుడు గంగ దాటించాడు. దాటినవాళ్ళ వెంట కథ వెళ్ళిపోయింది. పడవ మనుషులు ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాయలేదు. పిల్లల చేత రాయించడానికి మంచి విషయం అది, కావాలంటే టీచరుకి చెప్పండి.

ఇక తుఫాను సంగతి. ప్రాణం మీదకి వస్తే మనుషులు కులం, రంగు మర్చిపోతారని మీ అబ్బాయి నమ్మాడు. చాలామంది నమ్ముతారు. చరిత్ర మాత్రం ఒప్పుకోదు. మీ గోపాల్‌పూర్ రేవు నుంచే ఒకప్పుడు జనం స్టీమరెక్కి రంగం, అంటే బర్మా, వెళ్ళేవారు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. 1942లో లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. ఆకలి, మలేరియా, కలరాతో దారిలోనే పోయినవాళ్ళకి లెక్క లేదు. అంత ప్రాణభయంలోనూ తెల్లవాళ్ళకి మేలైన దారి, నల్లవాళ్ళకి ఇంకో దారి అని విడదీశారు. ఇంత దూరం కూడా అక్కర్లేదు. 2004 సునామీ తర్వాత తమిళనాడులో కొన్ని సహాయ శిబిరాల్లో దళితుల్ని విడిగా ఉంచారని, నీళ్ళ దగ్గర అడ్డుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. అన్నీ పోగొట్టుకున్నా ఆ ఒక్కటి మాత్రం జనం వెంట తెచ్చుకున్నారు.

మరి ఏది పనిచేస్తుంది? దీని మీద ఒక పేరున్న ప్రయోగం ఉంది. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త, అమెరికాలోని ఓక్లహోమాలో వేసవి శిబిరం పెట్టి, పదకొండేళ్ళ వయసున్న 22 మంది మగపిల్లల్ని రెండు జట్లు చేశాడు. తాడులాగుడు, బేస్‌బాల్ పోటీలు పెట్టగానే జట్లు జెండాలు కాల్చుకునే దాకా వెళ్ళాయి. అప్పుడు రెండు జట్లనీ కలిపి భోజనానికి కూర్చోబెట్టారు, సినిమా చూపించారు. లాభం లేదు, అన్నాల దగ్గర తిండి విసురుకున్నారు. తర్వాత శిబిరానికి వచ్చే మంచినీళ్ళు ఆగిపోయేలా చేశారు. ఎక్కడ అడ్డుపడిందో వెతకడానికి రెండు జట్లూ కలవాల్సి వచ్చింది. ఇంకోరోజు తిండి తెచ్చే ట్రక్కు మొరాయించింది. మొన్న ఒకరి మీద ఒకరు లాక్కున్న తాడునే ట్రక్కుకి కట్టి అందరూ ఒకవైపు నుంచి లాగారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒకే బస్సులో వెళ్తామని పిల్లలే అడిగారు.

దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ పిల్లలంతా ఒకే రంగు, ఒకే స్థాయి ఇళ్ళవాళ్ళు. మధ్యలో కులం లేదు, పేపరు గ్లాసు లేదు. అయినా మన కథకి పనికొచ్చేది ఒకటుంది: పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన స్నేహం రాలేదు, ఒకరు లేకపోతే రెండోవాళ్ళ పని ఆగిపోయే చోట వచ్చింది.

ఇప్పుడు మీవాడి కథకి వద్దాం. పారేయకండి, తిరగరాయించండి. జాలరి కుర్రాడికి ఈత రాకుండానే రాయమనండి, అక్కడే కథ కొత్తదవుతుంది. సముద్రం మధ్యలోకి వెళ్ళే అవసరం కూడా లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మీకు ఆ గాలి హోరు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. ఫైలిన్‌కి ముందే దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు, చావులు పదుల్లో ఆగాయి. ఈ తేడా ఎవరో వీరుడు అలల్లోకి దూకితే రాలేదు. ముందుగా అందిన హెచ్చరిక, గట్టి షెల్టరు, తలుపు తట్టి లేపినవాళ్ళు, ముసలివాళ్ళని మోసుకెళ్ళినవాళ్ళు. మన తీరంలో బతికి బయటపడటం అంటే ఎక్కువగా ఇదే. కథల్లో మాత్రం ఇంకా దూకుతూనే ఉన్నారు.

ఒక తాత ఉన్నాడనుకోండి. బోటునీ వలల్నీ వదిలి షెల్టరుకి రానంటాడు. అది మొండితనం కాదు. వల పోతే, బోటు పగిలితే మళ్ళీ కొనేదాకా అప్పే. మైకులో ఒడియాలో చెబుతున్నది ఆయనకి సగమే అర్థమవుతోంది. మనవడు చెబితే వినడు. ఇక్కడ పట్నం కుర్రాడి అవసరం ఎలా వస్తుందో మీవాడు ఆలోచించాలి. ఫోన్లో వచ్చిన హెచ్చరిక చదివి తెలుగులో విడమరిచి చెప్పగలడు. కానీ ఏ సందులో ముందుగా నీళ్ళొస్తాయో, ఇసుక దిబ్బ ఎక్కడ తెగిందో వాడికి తెలియదు, అది మనవడికే తెలుసు. షెల్టరు చేరాక రాత్రంతా ఉంది. అటుకులు, బెల్లం పంచుతారు. చాప ఎవరు ఎవరి పక్కన పరుచుకుంటారు? నీళ్ళబిందెలో గ్లాసు ముంచేది ఎవరు? పట్నం కుర్రాడి అమ్మమ్మ అక్కడ ఏం చేస్తుంది? గాలికి తలుపు ఊడిపోయే దృశ్యం కన్నా ఆ బిందె దగ్గర దృశ్యం రాయడం కష్టం. మీవాడు రాయగలడనే అనుకుంటున్నాను, ఎందుకంటే అలాంటిది వాడు ఇంట్లో చూశాడు.

సముద్రమే కావాలని పట్టుబడితే కొన్ని సంగతులు సరిచూసుకోమనండి. దుంగల్ని తాళ్ళతో కట్టిన పాతకాలం తెప్ప తిరగబడినా మునగదు, అందులో నీళ్ళు నిండే గుంట ఉండదు కదా, పట్టుకుని వేలాడవచ్చు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి ఫైబరు బోట్లు. ఒడ్డు దగ్గర నీళ్ళు లోపలికి గుంజేటప్పుడు ఎంత గజ ఈతగాడైనా ఎదురు ఈది గెలవలేడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, గుంజుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి, లేదా వెల్లకిలా తేలుతూ సాయం కోసం చేయి ఊపాలి. మీవాడి కథలో తుఫాను రోజు తిన్నగా ఒడ్డుకి ఈదేశారు. అది చదివి నమ్మిన పిల్లవాడు రేపు గోపాల్‌పూర్ బీచిలో అదే చేస్తే ప్రమాదం. సాహస కథ రాసేవాళ్ళకి ఈ బాధ్యత ఉంది. అన్నట్టు, పూరీ బీచిలో కోసుగా ఉండే తెల్లటోపీ పెట్టుకుని యాత్రికులు మునిగిపోకుండా కాపలా కాసేది నోలియాలే, వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. మీవాడు తిట్టుగా వాడిన ఆ పేరుని నమ్ముకునే దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ నీళ్ళలో దిగుతున్నారు. ఈ మాట మీవాడికి చెప్పండి. ఆ క్లాసు పిల్లవాడికి మాత్రం మళ్ళీ ఈత అంటగట్టొద్దు.

కథలో ఇంకో లోపం ఉంది. పట్నం కుర్రాడికి ఏ భయమూ లేదు. మొదట పొగరు, చివర్లో ఏడుపు, అంతే. నా అనుమానం చెబుతాను, తప్పయితే వదిలేయండి. 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పటి నుంచి బరంపురం తెలుగువాళ్ళు రెండు భాషల మధ్య బతుకుతున్నారు. ఒడియా పిల్లల మధ్య మీవాణ్ణి కూడా ఎవరో ఎప్పుడో తెలుగువాడని ఏదో అని ఉంటారు. వాడు ఒడియా బాగా మాట్లాడి కలిసిపోయి ఉంటాడు. ఇంతలో ఒకడొచ్చి అందరి ముందూ గట్టిగా తెలుగులో పలకరించేసరికి తననీ ఆ పేటలో కలిపేస్తారేమోనని భయపడి ఉండొచ్చు. అందుకే అందరికన్నా ముందు వెక్కిరించాడేమో. తిట్టకుండా, పడుకునే ముందు తీరిగ్గా అడిగి చూడండి. నిజమైతే ఆ భయాన్నే కథలో పెట్టమనండి, పట్నం కుర్రాడు అప్పుడు మనిషిలా ఉంటాడు. చివర్లో "అందరం ఒక్కటే" అనే వాక్యం మాత్రం కొట్టేయించండి. వాళ్ళు ఒక్కటి కాదు, వేరు వేరు, అయినా మర్నాడు కలిసి బడికెళ్ళాలి.

పుస్తకాలు కొనేటప్పుడు నేను చూసేది ఇంతే: రెండో పిల్లవాడు ఎప్పుడైనా కాదు, కుదరదు అన్నాడా? సరదాగా ఏమైనా చేశాడా? మొదటివాడు గదిలో లేనప్పుడు వాడి గురించి ఒక్క పేజీ అయినా ఉందా? అట్ట మీద ఇద్దరి బొమ్మలున్నా లోపల ఒక్కడే ఉన్న పుస్తకాలు బోలెడు.

అసలైన ఆ అబ్బాయి విషయానికి వస్తే, మీవాడి చేత క్లాసులో అందరి ముందు సారీ చెప్పించకండి. అది ఆ పిల్లవాడికి ఇంకో ఇబ్బంది. ఒంటరిగా ఉన్నప్పుడు, "నిన్ను అడక్కుండా రాశాను, ఆ మాట అన్నందుకు కూడా సారీ" అంటే చాలు. జవాబు రాకపోవచ్చు. కాకిలా కన్నం బయట ఉండాల్సింది మీవాడు. కొత్త కథ చూపించి బాగుందా అని అడగడం, మీ పేటలో ఎలా ఉంటుందో చెప్పమని నోట్సు రాసుకోవడం, ఇలాంటివి వద్దు, వాడేమీ గైడు కాడు. పిలిస్తే క్రికెట్‌కో లెక్కలకో పిలవండి. రానంటే ఊరుకోండి.

ఆ పేపరు గ్లాసు గురించి. పాతకాలం మనిషి అని మీరు రాశారు కానీ ఆ రోజు గ్లాసు అందుకున్నవాడు ఈ కాలం పిల్లవాడు, పక్కన నిలబడి చూసినవాడు మీ కొడుకు. మీరు మందలించిన మాట కన్నా వాడికి అదే బాగా ఎక్కి ఉంటుంది. అత్తగారితో వాదన పెట్టుకోమని చెప్పను, ఆ ఇంట్లో ఉండేది మీరు. ఈసారి పిల్లలెవరొచ్చినా మీరే ముందు లేచి అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసుల్లో ఇవ్వండి, అవే కడిగి అదే అరలో పెట్టండి, ఆవిడ చూస్తుండగానే. ఆవిడ ఏమైనా అంటే, మీవాడి ముందే జవాబు చెప్పండి.

స్కూలు పత్రికకి గడువు దగ్గర పడిందేమో. పాత కథ వెనక్కి తీసుకుంటామని టీచరుతో మీరే మాట్లాడండి, అచ్చయి క్లాసంతా చదివాక సర్దడం కష్టం. కొత్తది అప్పటికి పూర్తికాకపోతే ఈ ఏడాదికి ఋషికుల్య నది మొగ దగ్గర గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ మీద ఒక పేజీ రాసిమ్మనండి. మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి, అక్కడి ఫారెస్టు వాళ్ళని అడిగితే పిల్లలకి ఓపిగ్గా చెబుతారు.